మెడ, నడుము నొప్పులకు రోగుల రిజిస్ట్రీ: ఆపరేషన్ దాకా రానివారిని లెక్కలోకి తేవడం ఎలా?

పునరావాసం

మా విభాగంలో ఫిజియోథెరపీ, నొప్పి చికిత్స, వెన్నెముక శస్త్రచికిత్స మూడూ పక్కపక్కనే నడుస్తాయి. మెడనొప్పితో గానీ నడుమునొప్పితో గానీ వచ్చే ప్రతి ఒక్కరి వివరాలనూ ఒక రిజిస్ట్రీలో నమోదు చేసి, కొన్ని నెలల తరువాత వారు ఎలా ఉన్నారో మళ్లీ అడిగి రాసుకోవాలని నిర్ణయించుకున్నాం. ఈ పనిలో అనుభవం ఉన్నవారి సలహా కోసం ఇక్కడ రాస్తున్నాను.

నా ప్రధాన సందేహం ఇది. వెన్నెముక విషయంలో పేరున్న రిజిస్ట్రీలు చాలావరకు ఆపరేషన్ బల్ల దగ్గరే మొదలవుతాయి. స్వీడన్‌లోని స్వీస్పైన్, నార్వేలోని నోర్‌స్పైన్ రెండూ శస్త్రచికిత్స చేయించుకున్నవారి కోసం ఏర్పడినవే. 2020లో ప్రపంచవ్యాప్తంగా నడుమునొప్పితో బాధపడినవారు సుమారు 61.9 కోట్ల మంది అనీ, మెడనొప్పితో బాధపడినవారు సుమారు 20.3 కోట్ల మంది అనీ అంచనా. వీరిలో సర్జన్ గది గడప తొక్కేవారు బహు కొద్దిమంది. మిగిలినవారికి వ్యాయామమో, మాత్రలో, ఇంజెక్షనో, లేదా మంచం దిగవద్దన్న కాలం చెల్లిన సలహానో దక్కుతుంది. ఆ తరువాత వారు ఏమయ్యారో చికిత్స చేసినవారికి తెలియదు. తిరిగి రాలేదంటే తగ్గిపోయిందనే అనుకుంటాం. నిజానికి వారు విసిగి మరొకరి దగ్గరికి వెళ్లి ఉండవచ్చు.

అటువంటివారిని కూడా చేర్చాలంటే నమోదు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏమి అడగాలి, ఎప్పుడెప్పుడు అడగాలి?

కత్తిసాము

ఆపరేషన్ రిజిస్ట్రీలను అంత తేలికగా పక్కన పెట్టకండి, వాటి నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. స్వీస్పైన్ 1993లో మొదలైంది. ఆపరేషన్‌కు ముందు రోగి స్వయంగా ప్రశ్నావళి నింపుతారు, సర్జన్ తాను చేసిన పని నమోదు చేస్తారు, ఆ పైన 1, 2, 5, 10 సంవత్సరాలకు రోగికి మళ్లీ ప్రశ్నావళి వెళుతుంది. ఫలితం బాగుందో లేదో చెప్పేది సర్జన్ కాదు, రోగి. మా వృత్తిలో ఇది చిన్న మార్పేమీ కాదు.

దీనివల్ల ఏమి ఒరిగిందో ఒక ఉదాహరణతో చెబుతాను. వెన్నుకాలువ సన్నబడి, నాలుగడుగులు వేసేసరికి కాళ్లు బరువెక్కే వృద్ధులకు, నరాల మీద ఒత్తిడి తీసేయడంతో సరిపెట్టాలా, దానితోపాటు పూసలను స్క్రూలతో కలిపే ఫ్యూజన్ కూడా చేయాలా అన్నది మాలో పాత తగవు. పూస ముందుకు జారినట్టు ఎక్స్‌రేలో కనిపిస్తే ఫ్యూజన్ చేసితీరాలని చాలామంది నమ్మాం. స్వీస్పైన్‌లోని 5,390 మంది సమాచారాన్ని పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు సంవత్సరాల తరువాత ఫ్యూజన్ వల్ల అదనపు మేలు కనిపించలేదు. రిజిస్ట్రీ మాట ఒక్కటే అయితే మాలో సగం మంది వినేవారు కాదు. కానీ స్వీడన్‌లోనే 247 మందితో యాదృచ్ఛిక ట్రయల్ (ఎవరికి ఏ చికిత్సో చీట్లు తీసినట్టు నిర్ణయించే పరీక్ష) జరిపి 2016లో వెలువరించిన ఫలితం కూడా అదే చెప్పింది: ఫ్యూజన్ చేసినవారికి ఆపరేషన్ సమయం, రక్తస్రావం, ఖర్చు పెరిగాయి, నడకలో మాత్రం అదనపు మేలు కనిపించలేదు.

అది చూశాక స్క్రూల పెట్టె తెరవడానికి ముందు ఒక్క క్షణం ఆగడం నాకు అలవాటైంది.

సందేహి

కత్తిసాము గారు చెప్పినది రిజిస్ట్రీ విజయమా, ట్రయల్ విజయమా అన్నది నాకు స్పష్టం కాలేదు. పునరావాసం గారి ప్రతిపాదనలో ట్రయల్ లేదు, ఉన్నది నమోదు మాత్రమే. నేను సాధారణ వైద్యుణ్ణి. నడుమునొప్పి రోగి నా దగ్గరికి ఎప్పుడు వస్తాడు? నొప్పి భరించలేనంతగా ఉన్న రోజున వస్తాడు. ఆ రోజున పదికి ఎనిమిది అన్న నొప్పి, నేను ఏమిచ్చినా ఏమీ ఇవ్వకపోయినా, ఆరు వారాలకు నాలుగుకు దిగడం సర్వసాధారణం. సయాటికా, అంటే నడుము నుంచి కాలికి దిగే నరం నొప్పి అయితే, డిస్క్ నుంచి బయటికి వచ్చిన ముక్క కూడా చాలామందిలో కొన్ని నెలలలో దానంతట అదే కుంచించుకుపోతుంది.

ఇటువంటి జబ్బులో "మా క్లినిక్‌లో చేరినప్పుడు ఎనిమిది, మూడు నెలలకు నాలుగు" అని బొమ్మ గీసి చూపిస్తే అది ఎవరి ఘనత? ఏ చికిత్సను నమోదు చేసినా ఆ గీత కిందికే దిగుతుంది. రేపు ఆ బొమ్మ ప్రకటనల్లోకి ఎక్కుతుంది. నా భయం అదే.

సగటుమనిషి

నేను గణాంకాల పని చేసేవాణ్ణి. సందేహి గారి భయం సహేతుకమే, కానీ ఆయన చెప్పినదాన్ని రెండు ముక్కలు చేసి చూడాలి.

మొదటిది సగటు వైపు మళ్లడం. విపరీతంగా ఉన్నప్పుడు కొలిచినదేదైనా మళ్లీ కొలిస్తే మామూలు వైపు జరుగుతుంది. కాబట్టి "ముందు, తరువాత" అన్న పోలికతో ఏ చికిత్స గొప్పదనాన్నీ నిరూపించలేం, నిరూపించామని అనకూడదు.

రెండోది ఇంకా చిక్కైనది. ఎవరికి ఏ చికిత్స అందుతుందన్నది చీట్లు తీసి నిర్ణయించినది కాదు. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి, ఎమ్మారైలో పెద్ద డిస్క్ కనిపించినవారికి, ఆపరేషన్ మీద నమ్మకం ఉన్నవారికి ఆపరేషన్ అవుతుంది, మిగిలినవారికి వ్యాయామం. ఆ రెండు గుంపుల ఫలితాలను పక్కపక్కన పెట్టి ఒకటి మేలనడం చెల్లదు. వయసు, పొగతాగే అలవాటు, నొప్పి ఎంతకాలంగా ఉంది, పనికి సెలవులో ఉన్నారా, దిగులు ఉందా వంటివి నమోదు చేసి సర్దుబాటు చేస్తే కొంత తేడా తగ్గుతుంది. నమోదు కానిదాన్ని ఏ సూత్రమూ సర్దలేదు.

అయితే ట్రయల్ ఉంటే అన్నీ తేలిపోతాయన్నది కూడా భ్రమే. అమెరికాలో డిస్క్ జారినవారి మీద జరిగిన స్పోర్ట్ అధ్యయనాన్ని చూడండి. 2006లో దాని ఫలితాలు వెలువడ్డాయి. 501 మందిని యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేశారు; యాదృచ్ఛిక కేటాయింపుకు ఒప్పుకోక తమ చికిత్సను తామే ఎంచుకున్న 743 మందిని వేరుగా గమనించారు. యాదృచ్ఛిక భాగంలో ఆపరేషన్ కేటాయించినవారిలో మూడు నెలలకు సగం మందే ఆపరేషన్ చేయించుకున్నారు, ఆపరేషన్ కేటాయించని వర్గంలో దాదాపు మూడోవంతు చేయించేసుకున్నారు. నొప్పి తగ్గినవాడు ఆపరేషన్‌కు రాడు, తగ్గనివాడు ఆగడు. అటువంటి పరిస్థితిలో ట్రయల్ కూడా మసకబారుతుంది, పక్కనే నడిచిన గమనిక వర్గం విలువ పెరుగుతుంది.

ఏ చికిత్స మేలు అన్నది కాక, రిజిస్ట్రీ బాగా జవాబు చెప్పగల ప్రశ్నలు వేరే ఉన్నాయి. మన దగ్గరికి వచ్చేవారు ఎవరు? ఎటువంటివారు ఆరు నెలలైనా తేరుకోవడం లేదు? వ్యాయామం సూచించినవారిలో ఎంతమంది రెండోసారి వచ్చారు? ప్రమాద సూచనలు ఏవీ లేకుండానే మొదటి వారంలో ఎంతమందికి స్కాన్ రాసిచ్చాం? వీటికి పోలిక వర్గం అక్కరలేదు, నిజాయితీగా లెక్కపెడితే చాలు. చికిత్స మెరుగుపడేది ఎక్కువగా ఇక్కడే.

సందేహి

చివరి పేరాతో ఏకీభవిస్తాను. ఆ స్కాన్ ప్రశ్న నా చేత వేయించకండి, జవాబు నాకు తెలుసు.

ఐదో పూస

నేను వైద్యరంగంలో లేను. మెడ నుంచి చేతికి జాలుగా దిగే నొప్పితో కొన్నేళ్లు తిరిగినవాణ్ణి, అంతకు ముందు నడుముకు ఆపరేషన్ అయింది. రోగి వైపు నుంచి ఒక మాట చెప్పవచ్చుననుకుంటాను.

నేను చూపించుకున్న ఒక ఆసుపత్రిలో వెళ్లిన ప్రతిసారీ ప్రశ్నావళి చేతికిచ్చేవారు. కూర్చోవడం, నిలబడటం, బరువులెత్తడం, నిద్ర, ప్రయాణం, ఇలా ఒక్కోదాని కింద ఆరు వాక్యాలు. మనకు సరిపోయే దానికి టిక్కు పెట్టాలి. మెడ తిప్పలేక, కాగితాన్ని కంటి ఎత్తుకు పట్టుకొని నింపేవాణ్ణి. లోపలికి వెళ్లాక డాక్టర్ గారు దాన్ని ఎన్నడూ తిప్పి చూడలేదు. "ఎలా ఉంది?" అని మొదటి నుంచి అడిగేవారు. కొన్ని సార్లయ్యాక నేను కూడా చదవకుండానే మధ్య గడిలో టిక్కులు పెట్టడం మొదలుపెట్టాను. ఆ టిక్కులు ఏదో ఒక పరిశోధనలో నా బాధకు కొలతగా చేరే ఉంటాయి.

తరువాత వెళ్లిన చోట ఫిజియోథెరపిస్ట్ గారు తెర నా వైపు తిప్పి, కిందటిసారి మార్కులూ ఈసారి మార్కులూ పక్కపక్కన చూపించారు. మొత్తం పెద్దగా మారలేదు, కానీ నిద్ర బాగుపడింది, చదవడం దిగజారింది. "ఏమి చదువుతున్నారు, ఎలా కూర్చుంటున్నారు?" అని అక్కడి నుంచి మాట మొదలైంది. ఆ రోజు నుంచి నేను ఒక్క గడి కూడా అబద్ధం నింపలేదు.

కాగితాలపులి

ఐదో పూస గారి సందేశాన్ని రిజిస్ట్రీలు నడిపేవారి గోడలకు అతికించాలి. నింపినదాన్ని అదే రోజున, అదే గదిలో వాడకపోతే, సమాచారం నాణ్యత ఎంత తనిఖీ చేసినా నిలవదు.

నేను సమాచార నిర్వహణ చేస్తాను గనుక నేల మీది సంగతులు కొన్ని చెబుతాను. ఐదో పూస గారు మొదట వర్ణించినది 1980లో ప్రచురితమైన ఆస్వెస్ట్రీ ప్రశ్నావళిలా ఉంది. పది విభాగాలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తం యాభైకి వచ్చినదాన్ని రెట్టింపు చేస్తే శాతం. మెడకు అదే పోలికలో 1991లో వచ్చిన నెక్ డిసెబిలిటీ ఇండెక్స్ ఉంది. ఇవి చూడటానికి సులువుగానే ఉంటాయి. కానీ ఆస్వెస్ట్రీలో దాంపత్య జీవితం గురించిన విభాగం ఉంది, దాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు తొమ్మిది విభాగాల మార్కులను నలభై ఐదుతో భాగించాలి. ఎవరో ఒకరు ఖాళీకి సున్నా ఎక్కించి యాభైతో భాగిస్తారు. 16 మార్కులు వచ్చిన రోగికి 35.6 శాతం రావలసినది 32 శాతం వస్తుంది, ఏమీ చేయకుండానే నొప్పి తగ్గినట్టు కనిపిస్తుంది. మెడ ప్రశ్నావళిలో వాహనం నడపడం గురించిన విభాగం కూడా ఇంతే, బండి నడపనివారు ఏమి రాయాలి? లెక్క కట్టే పని మనుషులకు వదలకండి, ప్రతి విభాగం జవాబునూ విడిగా నిల్వ చేసి మొత్తాన్ని యంత్రంతో వేయించండి.

ఇంకొకటి, ఎవరు చేరలేదో తెలియని రిజిస్ట్రీకి విలువ లేదు. ప్రతి వారం ఓపీ రిజిస్టర్‌నూ ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్‌నూ తీసుకొని మన జాబితాతో సరిచూడాలి. జారిపోయినవారు యాదృచ్ఛికంగా జారిపోరు. సాయంత్రం ఆలస్యంగా వచ్చినవారు, అత్యవసరంగా చేరినవారు, చదవడం రానివారు, వీరే ఎక్కువగా ఉంటారు. చదవడం రానివారికి ప్రశ్నలు వినిపించే ఏర్పాటు మొదటి రోజు నుంచే లేకపోతే, మీ రిజిస్ట్రీ చదువుకున్నవారి నడుముల రిజిస్ట్రీ అవుతుంది.

పునరావాసం

కాగితాలపులి గారూ, లెక్కల సంగతి నేను ఊహించనిది, ధన్యవాదాలు. తరువాతి ప్రశ్న మళ్లీ పిలిచినప్పుడు జవాబివ్వనివారి గురించి. ఆపరేషన్ అయినవారికి ఆసుపత్రితో బంధం ఉంటుంది. రెండుసార్లు వ్యాయామానికి వచ్చి మానేసినవారు ఆరు నెలల తరువాత మా ఫోను ఎందుకు ఎత్తుతారు? సగం మంది జవాబివ్వకపోతే మొత్తం పని వృథా అవుతుందా?

సగటుమనిషి

నార్వేలో దీన్ని సూటిగా పరీక్షించారు. నడుముకు ఆపరేషన్ అయిన 633 మందిలో రెండేళ్లకు 22 శాతం మంది జవాబివ్వలేదు. పరిశోధకులు పట్టుబట్టి వారిని ఫోనులో పట్టుకొని అడిగితే, జవాబిచ్చినవారి ఫలితాలకూ వీరి ఫలితాలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2011లో అది వెలువడింది. ఊరటనిచ్చే మాటే గానీ దాన్ని ఎక్కడపడితే అక్కడ వాడకూడదు: అది ఆపరేషన్ రోగుల సంగతి, జవాబివ్వనివారు 22 శాతమే, సగం కాదు. మీ పరిస్థితికి అది వర్తిస్తుందో లేదో మీరే చూసుకోవాలి. జవాబివ్వనివారిలో కొందరిని చీట్లు తీసి ఎంచుకొని, ఆ కొద్దిమందిని మాత్రం వదలకుండా వెంటపడి కనుక్కోండి. అందరి వెంటా సగం సగం పడటం కంటే అది మేలు.

కత్తిసాము

ఆ ఫోను చికిత్స చేసినవారు చేయకూడదని కూడా చేర్చండి. నా రోగికి నేనే ఫోను చేసి "ఎలా ఉంది?" అంటే, మర్యాద కోసం "పర్వాలేదు డాక్టర్ గారూ" అంటారు. వేరే ఎవరైనా అడిగితే నిజం వస్తుంది.

సందేహి

ఇంతవరకు బాగుంది. కానీ ఏ రిజిస్ట్రీ అయినా కొన్నాళ్లకు పోలికల పట్టిక అవుతుంది. ఫలానా వైద్యుడి రోగులు 70 శాతం బాగుపడ్డారు, ఫలానా ఆయనవారు 55 శాతమే అని బయటికి వస్తుంది. అప్పుడు పొగతాగేవారినీ, దీర్ఘకాలం సెలవులో ఉన్నవారినీ, దిగులుతో ఉన్నవారినీ చేర్చుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? అందరికంటే సహాయం కావలసినవారే ముందుగా తలుపు బయట మిగిలిపోతారు.

సగటుమనిషి

ఇరవై మంది రోగులున్న వైద్యుడికి ఒక్క రోగి అటుఇటు అయితే 5 శాతం మారుతుంది. సందేహి గారు చెప్పిన 70, 55 మధ్య తేడా అంటే ముగ్గురు మనుషులు. చిన్న సంఖ్యల మీద ర్యాంకులు వేయడం అజ్ఞానమే కాదు, అన్యాయం కూడా. రోగులు తక్కువైతే వెడల్పుగా, ఎక్కువైతే ఇరుకుగా ఉండేలా గరాటు ఆకారంలో హద్దులు గీసిన పటం మీద ఒక్కో వైద్యుణ్ణి ఒక్కో చుక్కగా పెట్టి, హద్దు దాటినదాన్ని మాత్రమే పరిశీలించాలి. పరిశీలించడం అంటే ముందుగా సమాచారం సరిగా ఎక్కిందో లేదో చూడటం, తరువాత ఎటువంటి రోగులు వచ్చారో చూడటం, ఆ పైన మాత్రమే చికిత్స జోలికి వెళ్లడం.

కత్తిసాము

పోలికలన్నీ మనుషుల మధ్యనే ఉండాలని లేదు, పద్ధతుల మధ్య కూడా ఉండవచ్చు. మెడలో డిస్క్ తీసేసిన చోట కృత్రిమ డిస్క్ పెట్టడం గొప్పదని కొంతకాలం గట్టిగా చెప్పుకున్నారు. స్వీస్పైన్‌లోని మెడ రోగులలో అది పెట్టించుకున్నవారినీ, ఫ్యూజన్ చేయించుకున్నవారినీ పోలికలు చూసి జత చేసి ఐదేళ్ల తరువాత చూస్తే, రోగికి తెలిసేంత తేడా కనిపించలేదు. ఇటువంటి ఫలితం ఏ ఒక్క వైద్యుణ్ణీ నొప్పించదు, కానీ అందరి చేతా ఆలోచింపజేస్తుంది.

"రోగికి తెలిసేంత" అన్నమాట కావాలనే వాడాను. ఆస్వెస్ట్రీలో మూడు మార్కుల తేడా వేలమంది ఉన్న రిజిస్ట్రీలో గణాంకపరంగా నిజమే అవుతుంది, మనిషికి మాత్రం ఏమీ తెలియదు. నూటికి సుమారు 10 మార్కులు లేదా మొదటి కొలతలో 30 శాతం తగ్గితేనే మెరుగు అని లెక్కించడం వాడుకలో ఉన్న పద్ధతి.

ఐదో పూస

ఒక అనుమానం. నా వివరాలలో దిగులు, సెలవులు, మాత్రలు అన్నీ ఉంటాయి. ఇవి నేను పనిచేసే చోటికో బీమా వారికో చేరితే? ఇది స్పష్టంగా చెప్పకుండా సంతకం పెట్టమంటే నేను పెట్టను, చాలామంది పెట్టరు. పెట్టినా దిగులు గురించిన ప్రశ్నలకు నిజం రాయరు.

కాగితాలపులి

న్యాయమైన అనుమానం. పేరు, ఫోను నంబరు ఒక చోట, ఆరోగ్య వివరాలు వేరే చోట, రెండింటినీ కలిపే సంకేతం మూడో మనిషి దగ్గర ఉండాలి. చికిత్సకు సమ్మతి, నమోదుకు సమ్మతి రెండు వేర్వేరు కాగితాలు కావాలి. రెండోదానికి కాదన్నా మొదటిదానిలో తేడా రాదని నోటితో కూడా చెప్పాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చునని, తప్పుకుంటే వివరాలు ఏమవుతాయో రాసి ఉండాలి. నివేదికల్లో ఐదుగురికంటే తక్కువ మంది ఉన్న గడిని చూపించకూడదు, ఎందుకంటే "ముప్పైలోపు వయసు, మెడ ఆపరేషన్, సెలవులో ఉన్నవారు: 1" అని వేస్తే ఆ ఒక్కరు ఎవరో ఆ విభాగంలో అందరికీ తెలుస్తుంది.

పునరావాసం

ఇంతవరకు వచ్చినదాని మీద ముసాయిదా ఒకటి వేసుకున్నాను. మొదటిసారి వచ్చిన రోజునే నమోదు. నొప్పికి 0 నుంచి 10 వరకు రెండు కొలతలు, ఒకటి నడుముకో మెడకో, రెండోది కాలికో చేతికో. ఆస్వెస్ట్రీ లేదా మెడ ప్రశ్నావళి, ఏదో ఒకటి మాత్రమే. దీనితోపాటు కీల్ విశ్వవిద్యాలయం వారి స్టార్ట్ బ్యాక్ తొమ్మిది ప్రశ్నలు, ఎందుకంటే ఎవరు తేరుకోకుండా మిగిలిపోయే ప్రమాదంలో ఉన్నారో వేరుచేయడానికే అవి తయారయ్యాయి. అది నడుమునొప్పికి తయారైనది గనుక మెడవారి విషయంలో దాని అంచనా మీద ఆధారపడం. మళ్లీ అడగడం 6 వారాలకు, 3 నెలలకు, 12 నెలలకు. మార్కులు అదే రోజున తెర మీద రోగికి చూపించడం తప్పనిసరి.

తేలనిది ఒక్కటే. మా దగ్గర వ్యాయామం మొదలుపెట్టి నాలుగు నెలలకు ఆపరేషన్‌కు వెళ్లినవారిని ఏ వర్గంలో వేయాలి?

సగటుమనిషి

ఏ వర్గంలోనూ వేయకండి. కాలం మొదటి సందర్శన రోజు నుంచే నడవాలి, చికిత్సలు తేదీలతో దాని మీద గుర్తులుగా పడాలి. ఆపరేషన్ అయిందని తెలిశాక వెనక్కి వెళ్లి వారిని "ఆపరేషన్ వర్గం" అంటే, వ్యాయామం పనిచేయనివారినందరినీ వ్యాయామ వర్గంలోంచి ఏరి తీసేసినట్టే, మిగిలిన వ్యాయామ వర్గం అకారణంగా మెరిసిపోతుంది. ఆపరేషన్ రోజున మాత్రం ప్రశ్నావళి అదనంగా ఒకసారి నింపించండి, అప్పుడు శస్త్రచికిత్స రిజిస్ట్రీలతో పోల్చుకోవడానికి కూడా వీలుంటుంది.

కాగితాలపులి

చికిత్స గడిలో "ఫిజియో" అని ఒక్క మాట రాసి వదిలేయనివ్వకండి. ఏ వ్యాయామం, వారానికి ఎన్నిసార్లు సూచించారు, రోగి ఎన్నిసార్లు వచ్చారు అన్నవి మూడు వేర్వేరు గడులు కావాలి. స్వేచ్ఛగా రాసే గడి ఒక్కటి పెట్టండి, ఎక్కువ వద్దు. వాటిని తరువాత ఎవరూ చదవరు.

సందేహి

ముసాయిదాలో స్కాన్‌కు కూడా ఒక గడి పెట్టండి, తేదీ, కారణం రెండూ రాసేలా. కారణాల జాబితాలో "రోగి అడిగారు" అన్నది తప్పకుండా ఉండాలి, "ఇంకేమి చేయాలో తోచలేదు" అన్నది కూడా ఉండాలి. నా క్లినిక్‌ను కూడా చేర్చుకుంటామంటే ఆ గడిని నేనే మొదట నింపుతాను.